సముద్రం అడుగున అతుకు

రేణిగుంటలో కడప పోయే రోడ్డు పక్కన వెంకటమునికి ఒక వెల్డింగు కొట్టు ఉండేది. 1985 జనవరిలో ఒకరోజు పొద్దున పది గంటల వేళ ఆ కొట్టు ముందర ఒక లారీ ఆగింది. లారీలో మూడు పాత రైలు చక్రాలు ఉన్నాయి. ముందు సీట్లోంచి కళ్ళద్దాలు పెట్టుకున్న ఒకాయన దిగాడు. ముప్పై దాటి ఉంటాయి. తన పేరు దామోదరం అని చెప్పి, గొలుసు తగిలించడానికి మూడు చక్రాలకూ బలమైన రింగులు కావాలన్నాడు.

"ఏంటికి సార్?" అన్నాడు వెంకటముని.

"సముద్రంలో పడేసేదానికి."

వెంకటముని చేతిలోని సుత్తి కింద పెట్టి లారీ చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు. ఒక్కో చక్రం మూడు వందల కిలోలకు తక్కువ ఉండదు. అంత ఇనుము కొని, దానికి కూలి ఇచ్చి రింగులు వేయించుకుని, తీసుకుపోయి నీళ్ళలో పారేసే మనిషిని ఆయన అంతవరకు చూడలేదు.

"కాగితాలు ఉండాయా?"

దామోదరం సంచిలోంచి రైల్వే వేలంపాట రసీదు తీసి ఇచ్చాడు. వెంకటముని దాన్ని వెలుతురుకు పట్టి చూశాడు. సీలు ఉంది, సంతకం ఉంది. సీళ్ళు చెక్కేవాళ్ళు తిరుపతిలోనే నలుగురు ఉన్నారని ఆయనకు తెలుసు. "రోంతసేపు కూసోండి సార్" అని సైకిలెక్కి రైలు స్టేషనుకు పోయాడు. అక్కడ తెలిసిన గుమాస్తా చేత అది నిజమైన రసీదేనని రెండుసార్లు చెప్పించుకుని ముప్పావు గంటకు తిరిగి వచ్చాడు. అప్పుడుగానీ చక్రాలను లారీ దిగనివ్వలేదు.

దామోదరానికి కోపం రాలేదు. ఆయన చిత్తూరులో పుట్టి పెరిగినవాడు. సముద్రాల మీద పరిశోధన చేసే ఒక సంస్థలో ఉద్యోగం. వెంకటముని భార్య దేవకమ్మ గేటుకు ఎర్ర రంగు పూస్తున్నదల్లా లేచి బెంచీ తుడిచింది. "మా ఆయన అట్లనే సార్, ఏమనుకోవద్దండి" అంది.

మా ఆయన అట్లనే అని దేవకమ్మ రోజుకు ఒకరికైనా చెప్పేది. ఎవరైనా వచ్చి గేటు బాగా చేశావని మెచ్చుకుంటే, ఈ మెప్పు వెనక ఏముందోనని వెంకటముని మూడు రోజులు ఆలోచించేవాడు. టీకొట్టు దగ్గర కొత్త మనిషి నిలబడి ఇటు చూస్తే లోపలికి వచ్చి రాడ్ల పెట్టెకు తాళం వేసేవాడు. అయితే పుట్టుకతో ఆయన అట్లా లేడు.

ఆయనది కాణిపాకం దగ్గర పల్లె. నాయనది సేద్యం. ఆయన మాత్రం పదహారో ఏట చిత్తూరులో వెల్డింగు నేర్చుకుని, పల్లెకు తిరిగొచ్చి బావులకు ఇనుప నిచ్చెనలు, మోటార్లకు దిమ్మెలు చేస్తుండేవాడు. ఇరవై నాలుగో ఏట, మునస్వామి అనే రైతు బావికి ఒక నిచ్చెన చేసి ఇచ్చాడు. ఏడాది తిరగకుండానే మెట్టు ఊడి మునస్వామి బావిలో పడ్డాడు. తొడ ఎముక విరిగింది. అతుకు ఊడిందని ఊరంతా అంది. మెట్టు అతుకు దగ్గర ఊడిందా, కడ్డీ నడిమికి విరిగిందా చూద్దామని వెంకటముని పరుగెత్తి పోయేసరికి, మునస్వామి కొడుకులు కోపంతో ఆ నిచ్చెనను పాత ఇనుము వాడికి వేసేశారు. వెంకటముని చిత్తూరు దాకా వెతుక్కుంటూ పోయాడు. అది అప్పటికే కొలిమికి పోయే లారీ ఎక్కి వెళ్ళిపోయింది.

పెద్దమనుషులు కాణిపాకం వినాయకుడి ముందర ప్రమాణం చెయ్యమన్నారు. అతుకు మంచిదేనని ప్రమాణం చేస్తే అంతటితో తేలిపోతుందన్నారు. వెంకటముని చెయ్యలేదు. దేవుడంటే భయపడి కాదు, తప్పు చేసినందుకూ కాదు. తన అతుకు ఊడిందో లేదో తనకే తెలియదు. తెలియనిదాని మీద ప్రమాణం ఎట్లా చేస్తాడు? ఊరు మాత్రం దానికి ఒక్కటే అర్థం తీసుకుంది. ఆ తర్వాత ఆయనకు అక్కడ పని ఇచ్చినవాళ్ళు లేరు. పెళ్ళయిన రెండో నెలలో దేవకమ్మను తీసుకుని రేణిగుంట చేరాడు.

ఇక చక్రాల సంగతి. రైలు చక్రం ఉక్కును ఆయన నమ్మలేదు. అది గట్టి ఉక్కు, అతికించి చల్లారబెడితే లోపల సన్నగా పగులుతుంది, పైకి కనపడదు. అందుకని చక్రానికి నేరుగా అతకనన్నాడు. లావాటి కడ్డీని వంకీలాగా వంచి, దాని రెండు కొసలనూ చక్రం నడిమి రంధ్రంలోంచి కిందికి దించి, అడుగున మందమైన పలకకు అతికిస్తానన్నాడు. దామోదరం సరేనన్నాడు.

పని మూడు రోజులు పట్టింది. దామోదరం తిరుపతిలో లాడ్జిలో దిగి రోజూ వచ్చి కూర్చునేవాడు. రెండో రోజు వెంకటముని ఉండబట్టలేక అడిగాడు.

"నిజం సెప్పండి సార్. ఇవి దేనికి?"

దామోదరం నేల మీద బొగ్గుముక్కతో గీశాడు. అడుగున చక్రం. దానికి గొలుసు. గొలుసు పైన ఒక కొక్కెం. కొక్కెం నుంచి తాడు. తాడు చివర ఒక యంత్రం. ఆ పైన గాలి నిండిన గాజుబుడ్లు. చక్రం కిందికి లాగుతుంది, గాజుబుడ్లు పైకి లాగుతాయి, నడుమ యంత్రం నీళ్ళలో నిటారుగా నిలబడుతుంది. పైనుంచి చూస్తే ఏమీ కనపడదు.

"ఆ యంత్రం ఏం సేస్తుంది?"

"సముద్రంలో నీళ్ళు ఏటి మాదిరే పారతాయన్నా. ఎటు పారతాండాయి, ఎంత జోరుగా పారతాండాయి అని మూడు నెలలు నీళ్ళలోనే ఉండి కొలుస్తుంది. దానికి జానెడు దూరంలో ఎదురెదురుగా రెండు మొనలు ఉంటాయి. ఈ మొన నుంచి ఆ మొనకు శబ్దం పంపిస్తుంది, ఆ మొన నుంచి ఈ మొనకు పంపిస్తుంది. నీళ్ళు పారే దిక్కుగా పోయే శబ్దం ముందు చేరుతుంది. ఎదురు పోయేది వెనక చేరుతుంది. ఆ తేడాను బట్టి లెక్క కడతాము."

"జానెడు దూరానికి తేడా ఉంటాదా?"

"ఉంటుంది. మన చెవికి తెలీదు. దానికి తెలుస్తుంది."

"మూడు నెలల తర్వాత దాన్నెట్ల తీస్తారు? నీళ్ళలోకి దిగతారా?"

"దిగం. పడవ మీద నుంచి శబ్దంతోనే పిలుస్తాం. కొక్కెం ఆ పిలుపు విని తెరుచుకుంటుంది. చక్రం అడుగునే ఉండిపోతుంది, మిగతాదంతా పైకి తేలుతుంది."

మధ్యాహ్నం సద్ది విప్పుతూ వెంకటముని భార్యతో అన్నాడు. "కొక్కేన్ని పిలిస్తే పలుకుతాదంట."

"సదువుకున్నాయన సెప్తాండాడు కదయ్యా."

"సదువుకున్నోళ్ళే సెప్పాల ఇట్లాంటివి. మనం సెప్తే ఎవురు నమ్ముతారు?"

మూడో చక్రం పని జరుగుతుండగా కరెంటు పోయింది. పలకకు అతుకు సగం పడింది. గంటన్నరకు కరెంటు వచ్చింది కానీ వోల్టేజి తక్కువగా ఉంది. ఆగుదామంటే లారీ ఎదురు చూస్తోంది. వెంకటముని మిగతా సగం పూర్తి చేశాడు. అతుకు మీద పేరిన చిట్టెం రాల్చి, సుత్తితో మెల్లగా తట్టి, చెవిని దగ్గరగా పెట్టి విన్నాడు. అతుకు గట్టిగా పడితే ఇనుము గంటలాగా మోగుతుంది. మోగింది. అయినా మొదటి రెండింటిలాగా మోగిందా అని ఆయనకు అనుమానం. మళ్ళీ తట్టాడు. లారీవాడు హారన్ కొట్టాడు. మూడు పలకల మీదా ఉలితో తన గుర్తులు వేశాడు: ఒక గీత, రెండు గీతలు, మూడు గీతలు. చక్రాలు మద్రాసు వెళ్ళిపోయాయి.

ఏప్రిల్ మొదటి వారంలో దామోదరం ఒక్కడే బస్సులో వచ్చాడు. గడ్డం మాసి ఉంది.

"ఒకటి తేలిందన్నా" అన్నాడు బెంచీ మీద కూర్చుని.

"పిలవకుండానే?"

"పిలవకుండానే. ఫిబ్రవరిలో వేసినాము. నలభై దినాలకే తేలింది. తడ దగ్గర జాలర్లకు దొరికింది. పక్కనే రాకెట్లు వదిలే చోటు కదా, బాంబో ఏమో అని పోలీసులు పట్టుకొని పొయినారు. యంత్రాన్ని విడిపించుకొని వచ్చేసరికి నా ప్రాణం పోయింది."

"దానికి నా దగ్గరికి ఏంటికి వచ్చినారు?"

దామోదరం కాసేపు తన కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "కొక్కెం తెరుచుకోలేదు. మూసుకొనే ఉండాది. అంటే తెగింది దానికంటే కింద. గొలుసన్నా కావాల, గొలుసును చక్రానికి తగిలించిన కొలికన్నా కావాల, నీ అతుకన్నా కావాల. అతుకే ఊడింటుందని మా ఆఫీసులో అంటాండారు. ఇంకా రెండు అడుగున ఉండాయి. అవీ ఊడిపోతే మా పని అయిపోయినట్టే."

"మీరేమంటాండారు?"

"నాకు తెలీదన్నా."

"గొలుసు యాడుంది?"

"మాకు చేరింది కొక్కెం వరకే. కింది గొలుసు పోలీసుల దగ్గర లేదు. జాలర్లను అడిగితే మాకు తెలీదంటాండారు."

"ఊడింది ఏ సక్రం? నా గుర్తు సూసినారా?"

"ఏ చక్రాన్ని ఎక్కడ వేసినామో రాసుకోలేదు. పడవ ఊగుతాంది, అందరికీ వాంతులు."

ఆయన మాట్లాడుతున్నంతసేపూ వెంకటముని ఆయన ముఖమే చూశాడు. కొలికి అన్నప్పుడు ఆ కళ్ళు ఎందుకో నేల మీదికి పోయాయి. దామోదరం టీ తాగకుండానే లేచిపోయాడు.

"ఆయన ఏందో దాస్తాండాడు" అన్నాడు వెంకటముని.

"నీకు అందురూ దాస్తాండేట్టే కనిపిస్తారు" అంది దేవకమ్మ. కానీ ఆ తర్వాత మూడు రోజులు ఆయన అన్నం సరిగా తినకపోవడం చూసింది. నాలుగో రోజు అసలు సంగతి బయటపడింది.

"మూడో సక్రం" అన్నాడు. "కరెంటు పొయిన దినం. నేను ఆపాల్సింది. ఆపలా."

"మోగింది అంటివి కదా?"

"మోగింది. మోగిందని నేను అనుకుంటినో, నిజంగా మోగిందో."

దేవకమ్మ రంగు డబ్బా మూత పెట్టింది. "ఇప్పుడు కూడా ఏం తెలుసుకోకుండా కూసుంటే, ఈడ నుంచి ఇంకొక ఊరికి పోవాల. నాకు ఓపిక లేదు. పా, తడకు పోదాం."

కాళహస్తి మీదుగా నాయుడుపేట, అక్కడి నుంచి తడ. మూడు బస్సులు మారి దిగేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. పులికాట్ సరస్సు ఒడ్డున జాలర్ల గుడిసెలు పాతిక దాకా ఉన్నాయి. వాళ్ళు ఊళ్ళోకి అడుగు పెట్టగానే వలలు అల్లే మగవాళ్ళు మాటలు ఆపేశారు. తేలిన బుడ్లను ఎవరు పట్టారని అడిగితే అందరూ నీళ్ళవైపు చూశారు. చివరికి ఒక ముసలాయన గడ్డంతో ఒక గుడిసెను చూపించాడు. అది చెంగయ్యది. చెంగయ్య, ఆయన భార్య మునెమ్మ బయటే చేపలు ఎండబెడుతున్నారు.

"గొలుసా? ఏ గొలుసు?" అన్నాడు చెంగయ్య. "ఆ శనిగొట్టుదాన్ని పట్టుకొని రెండు దినాలు స్టేషన్లో కూర్చున్నా. బుడ్లు తీసుకున్నారు, పెట్టె తీసుకున్నారు. ఇంక నా దగ్గర ఏమీ లేదు, పో."

"ఇవ్వొద్దు. కొస సూపిస్తే సాలు."

"నువ్వు ఎవరు? ఏ ఆఫీసు?"

"ఆఫీసు కాదబ్బా, వెల్డింగు సేస్తా."

"మఫ్టీలో వచ్చినోడు కూడా నేను తాపీ పని చేస్తా అన్నాడు."

ఎదుటివాడి మాట నమ్మకపోవడం వెంకటమునికి అలవాటే గానీ, తన మాట ఇట్లా తోసిపుచ్చడం ఎదురై చాలా ఏళ్ళయింది. దేవకమ్మ మాత్రం ముందుకు వచ్చి భర్త చొక్కా చేతిని మోచెయ్యి దాకా పైకి నెట్టింది. ముంజేతి నిండా ఆవగింజలంత కాలిన మచ్చలు ఉన్నాయి.

"ఇవి పోలీసోళ్ళకు ఉంటాయా అక్కా?" అని మునెమ్మను అడిగింది. "ఇదో, నా గోళ్ళు సూడు, ఎర్ర రంగు. సబ్బుతో రుద్దినా పోదు. మా ఆయన అతుకు ఊడిపోయిందని అంటాండారు. ఆ గొలుసు కొసలో ఇనుప రింగు ఉంటే మా తప్పు. లేకుంటే కాదు. అంతే మాకు కావాల్సింది."

మునెమ్మ ఆ మచ్చల మీద వేలు పెట్టి చూసింది. తర్వాత మొగుడితో అరవంలో ఏదో అంది. చెంగయ్య గొణుక్కుంటూ లేచి సరస్సులోకి నడుములోతు దిగి, తన పడవ లంగరును పైకి లాగాడు. లంగరంటే పెద్ద బండరాయి. దానికి కట్టింది, రంపంతో కోసి తీసుకున్న ఆ గొలుసే.

గొలుసు చివర లంకెలో తళతళలాడే స్టీలు కొలికి వేలాడుతోంది. గుర్రపు నాడా ఆకారం. దాని రెండు కొసలను కలుపుతూ ఒక వంకర మేకు ఉంది. రింగు లేదు. వెంకటముని మోకాళ్ళ మీద కూర్చుని దాన్ని చేతుల్లోకి తీసుకున్నాడు.

"ఈ మేకు ఎవురు పెట్టినారు?"

"నేనే. దొరికినప్పుడు దానికి బోల్టు లేదు. నోరు తెరుచుకొని ఉన్నింది."

"ఇంకొకసారి సెప్పు. బోల్టు లేదా?"

"లేదంటే లేదు. ఎన్నిసార్లు అడుగుతావప్పా?"

వెంకటముని కొలికిని ఎండకు తిప్పాడు. స్టీలు కాబట్టి ఒళ్ళంతా మెరుస్తోంది. ఒక్కచోట, బోల్టు కొస ఉండాల్సిన రంధ్రం అంచున, అగ్గిపుల్ల పొడవు ఎర్రటి మరక ఉంది. తుప్పు. స్టీలుకు ఇట్లా తుప్పు పట్టదు. ఇది పక్కన ఉన్న ఇనుము కారిన తుప్పు. ఉప్పునీటి బావుల్లో ఇనుప గొట్టానికి ఇత్తడి కవాటం బిగిస్తే, రెండూ కలిసేచోట ఇనుము చెదలు పట్టినట్టు తినిపోవడం ఆయన ఎన్నోసార్లు చూశాడు. ఈ బోల్టు మర తిరిగి ఊడకుండా కొసలో ఒక చిన్న పిన్ను ఉంటుంది. అది ఇనుముదైతే స్టీలు పక్కన, సముద్రపు నీళ్ళలో నెల రోజులు కూడా ఆగదు. పిన్ను కరిగింది. బోల్టు తిరిగి తిరిగి ఊడిపోయింది.

ఆయన ఆ మరకను బొటనవేలితో రుద్ది చూశాడు. దేవకమ్మ పక్కన కూర్చుని, "మనది కాదు కదా?" అంది. ఆయన మనది కాదని తల ఊపాడు.

అయితే గొలుసు ఇవ్వడానికి చెంగయ్య ఒప్పుకోలేదు. గొలుసు లేకపోతే పడవ నిలవదు. రాయికి బదులు నాలుగు కొక్కేల ఇనుప లంగరు, ఇంకొక గొలుసు చేసి ఇస్తానని వెంకటముని అన్నాడు. ముందు అవి తెచ్చి చూపించమన్నాడు చెంగయ్య. తను అటు పోగానే ఇతను దీన్ని అమ్మేసుకుంటాడని వెంకటమునికి భయం. ఇది తీసుకుని పోతే మళ్ళీ తిరిగి రారని చెంగయ్యకు భయం. ఇద్దరూ గొలుసు చెరో కొస పట్టుకుని ఎండలో నిలబడ్డారు.

"నేను ఈడ ఉంటా" అంది దేవకమ్మ. "నువ్వు పొయ్యి లంగరు సేసుకొని రా. నన్ను వదిలేసి యాడికి పోతావు? ఆయప్ప గొలుసు అమ్మితే నేను అరుస్తా."

మునెమ్మ నవ్వింది. మగవాళ్ళిద్దరూ నవ్వలేదు గానీ, గొలుసు వదిలేశారు.

రెండు రోజుల తర్వాత వెంకటముని లంగరూ కొత్త గొలుసూ తీసుకుని వచ్చేసరికి దేవకమ్మ గుడిసె ముందర రొయ్యలు వలుస్తూ ఉంది. చెంగయ్య లంగరు మీద పది సుత్తి దెబ్బలు వేసి చూసి, అప్పుడు గొలుసు ఇచ్చాడు. ఆ దెబ్బలు వేయడం వెంకటమునికి నచ్చింది.

టెలిగ్రాం అందుకుని దామోదరం రేణిగుంటకు వచ్చాడు. వెంకటముని కొలికిని బెంచీ మీద పెట్టి ఎర్ర మరకను వేలితో చూపించాడు. దామోదరం దాన్ని చేతిలోకి కూడా తీసుకోలేదు.

"నేనే పెట్టినా" అన్నాడు. "స్టీలు పిన్నులు మూడు తెచ్చినా. ఒకటి చేయి జారి సముద్రంలో పడిపోయింది. పడవవాడి దగ్గర ఇనుప పిన్ను ఉంటే తీసుకొని పెట్టేసినా. మూడు నెలలేగా, ఆగుతుందిలే అనుకున్నా."

"మొన్న నా దగ్గరికి వచ్చినప్పుడు మీకు తెలుసా?"

"అనుమానం ఉండింది."

"ఉండి కూడా అతుకు అన్నారు."

"నేను అనలేదన్నా. వాళ్ళు అన్నారు."

"మీరు ఊరుకున్నారు."

దామోదరం తల ఎత్తలేదు. "నాది టెంపరరీ ఉద్యోగం. ఇంట్లో ఇద్దరు చెల్లెళ్ళు ఉండారు."

వెంకటమునికి కొలికి తీసి ఆయన ముఖాన కొట్టాలనిపించింది. పద్దెనిమిదేళ్ళుగా లోపల పెట్టుకున్న కోపమంతా చేతిలోకి వచ్చింది. కానీ ఎదురుగా కూర్చున్న మనిషి నుదుటి మీద చెమట కనపడింది. ఇనుప పిన్ను గురించి దామోదరం, కరెంటు పోయిన రోజు వేసిన అతుకు గురించి తను, ఇద్దరూ ఒకే రకం భయం పడ్డారని ఆయనకు అప్పుడు తోచింది.

"రాయండి" అన్నాడు.

"ఏం రాయాల?"

"జరిగింది. మీ ఆఫీసుకు. ఈడనే కూసోని రాయండి."

దామోదరం అక్కడే, బెంచీ మీద, ఇంగ్లీషులో రెండు పేజీలు రాశాడు. రాసింది తెలుగులో చదివి వినిపించాడు. వెంకటముని ఆ కాగితాలు తీసుకుని, ఇప్పుడే వస్తానని తిరుపతి బస్సెక్కాడు. తను ఇంటికి గేటు చేసి ఇచ్చిన ఒక కాలేజీ లెక్చరర్ చేత మళ్ళీ చదివించుకున్నాడు. దామోదరం చదివిందే అందులో ఉంది. సాయంత్రం తిరిగి వచ్చి కాగితాలు చేతిలో పెట్టి, "పంపించండి" అన్నాడు. అప్పటిదాకా దామోదరం బెంచీ మీదే ఉన్నాడు. దేవకమ్మ ఆయనకు మజ్జిగ ఇచ్చింది.

ఉద్యోగం పోలేదు. చివాట్లు పడ్డాయి, ఒక ఇంక్రిమెంటు ఆగిపోయింది. మే నెలలో మిగతా రెండింటినీ తీయడానికి పోయేటప్పుడు తననూ తీసుకుపొమ్మని వెంకటముని అడిగాడు. దామోదరం వద్దనలేదు.

మద్రాసులో తెల్లారకముందే ఎక్కిన పడవ ఎనిమిదింటికి చోటుకు చేరింది. నలభై బారల లోతు అన్నారు. చుట్టూ నీళ్ళు తప్ప ఏమీ లేదు. అడుగున తను చేసినవి ఉన్నాయంటే వెంకటమునికి నమ్మబుద్ధి కాలేదు. దామోదరం తీగ చివర ఉన్న డబ్బాను నీళ్ళలోకి దించి, పెట్టె మీద మీట నొక్కాడు. వెంకటముని చెవులకు రెండు గిన్నెల్లాంటివి తగిలించాడు. లోపల సముద్రం హోరు వినపడింది. ఆ హోరు నడుమ, ఎక్కడో దూరంగా, గోడ అవతల ఎవరో చిటిక వేసినట్టు టిక్కు, టిక్కుమని మోగింది.

"అదేనన్నా. పలికింది."

అయిదు నిమిషాలకు పడవకు కుడివైపున పసుపు తొడుగులు వేసిన గాజుబుడ్లు పైకి లేచాయి. పడవవాళ్ళు కేకలు వేశారు. వెంకటముని కొక్కెం పైకి వచ్చేదాకా పడవ అంచునే నిలబడ్డాడు. వచ్చాక దగ్గరికి పోయి చూశాడు. నోరు తెరుచుకుని ఉంది. గొలుసు లేదు. చక్రం అడుగునే ఉండిపోయింది.

రెండోది పిలిస్తే పలికింది గానీ తేలలేదు. పావుగంట గడిచింది. అరగంట గడిచింది. దామోదరం మళ్ళీ మీట నొక్కాడు. అప్పుడు పడవవాడు ఉత్తరం వైపు చెయ్యి చూపించాడు. ఎవరిదో తెగిన వల చుట్టుకుని, మెల్లగా, చాలా దూరాన బుడ్లు తేలి ఉన్నాయి. నీళ్ళు వాటిని ఉత్తరానికి తీసుకుపోతున్నాయి.

"యంత్రం కూడా ఇదే చెప్పుంటుంది, చూడు" అన్నాడు దామోదరం. "ఈ నెలల్లో ఉత్తరానికి, దీపావళి వానలప్పుడు దక్షిణానికి."

"ఇంటికి పొయి మీ అంకెలు సూసి సెప్పండి" అన్నాడు వెంకటముని.

మర్నాడు మధ్యాహ్నం రేణిగుంటలో బస్సు దిగాడు. దేవకమ్మ గేటుకు రంగు పూస్తోంది. జరిగింది అంతా చెప్పాడు. కొక్కెం పలికిన శబ్దం ఎట్లా ఉందో నాలుకతో చేసి వినిపించాడు.

"అయితే మూడూ పట్టుకొని ఉన్నేవి కదా. ఒకటి పిన్ను పోయేదాకా, తక్కినవి రెండూ మూడు నెలలు. ఇంక నిమ్మళంగా ఉండు."

"ఉన్నేవి" అన్నాడు. తర్వాత చొక్కా విప్పి కొయ్యకు తగిలిస్తూ, "మూడు గీతల సక్రం నలభై దినాలకే తేలినదాని కింద ఉన్నిందేమో. మూడు నెలలు ఉన్నింటే నా అతుకు ఊడేదేమో. దాన్ని ఇంక ఎవురూ సూళ్ళేరు" అన్నాడు.

దేవకమ్మ కుంచె ఆపి ఆయనవైపు చూసింది. ఆ ముఖంలో మునుపటి వేదన లేదు. ఆలోచన మాత్రం ఉంది. అది పోదని ఆమెకు తెలుసు. పోనవసరం లేదనుకుని మళ్ళీ పనిలో పడింది.

ఆ సంవత్సరం దీపావళి లోపల వెంకటముని ఒక డీజిల్ జనరేటరు కొన్నాడు. ఆ తర్వాత 1989 వరకు దామోదరం ఏటా చక్రాలు తెచ్చేవాడు. మొత్తం ఇరవై రెండు. అవన్నీ మద్రాసుకూ నెల్లూరుకూ ఎదురుగా సముద్రం అడుగున ఎక్కడెక్కడో ఉన్నాయి. రెండో ఏడు నుంచి రింగులతో పాటు కొలుకులకు పిన్నులు కూడా వెంకటమునే పెట్టి, వాటిని స్టీలు తీగతో చుట్టి పంపేవాడు. విప్పి చూడవద్దని పడవవాళ్ళకు దామోదరం చేత చెప్పించేవాడు. వాళ్ళు విప్పరని ఆయనకు నమ్మకం లేదు. అందుకని, ఎప్పుడైనా ఒకటి పిలవకుండా తేలితే పట్టుకునేందుకు, తీగ ముడి మీద తనకు మాత్రమే తెలిసే ఒక మెలిక వేసేవాడు.